పిల్లలు పోయిన ప్రతిసారీ ‘ఇది సమయం కాదు’ అంటారు. మరి ఆ సమయం ఎప్పుడు?

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సాస్)

అమెరికాలో ఏ బడిలోనైనా కాల్పులు జరిగినప్పుడు నాయకుల నోట రెండు మాటలు వెంటవెంటనే వస్తాయి. మృతుల కుటుంబాల కోసం ప్రార్థిస్తున్నామన్న ఓదార్పు ఒకటి. ఇంతటి దుఃఖంలో తుపాకుల చట్టాల గురించి మాట్లాడడం సభ్యత కాదన్న హితవు మరొకటి. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండవ మాట గురించే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూటౌన్‌లో, శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో, ఆరేడేళ్ల వయసున్న 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది హతులయ్యారు. ఆ మధ్యాహ్నం అధ్యక్షుడు ఒబామా మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్లు తుడుచుకోవడం లోకమంతా చూసింది. ఇక చట్టం మారక తప్పదని అప్పట్లో అనుకోనివారు తక్కువ. నాలుగు నెలలు గడిచాక, 2013 ఏప్రిల్ 17న, తుపాకుల సంతల్లోనూ ఇంటర్నెట్‌లోనూ జరిగే అమ్మకాలకు కూడా కొనేవారి నేపథ్య తనిఖీ తప్పనిసరి చేయాలన్న సవరణకు సెనేట్‌లో 54 మంది అనుకూలంగా, 46 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. 60 ఓట్లు రానందున అది వీగిపోయింది. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు గ్యాలరీలో కూర్చుని ఆ ఓటింగు చూశారు.

బ్రిటన్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. 1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ ఊరి బడిలో 16 మంది పిల్లలను, వారి ఉపాధ్యాయురాలిని ఒకడు కాల్చి చంపితే, రెండేళ్లు తిరగకుండానే ఆ దేశంలో సామాన్యులు పిస్తోలు, రివాల్వరు వంటి చేతి తుపాకులు ఉంచుకోవడంపై దాదాపు సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండు చోట్లా అదే వయసు పిల్లలు, అదే గర్భశోకం. అక్కడ చట్టమైన దుఃఖం ఇక్కడ ఎందుకు కాలేదు? ‘లాబీ డబ్బు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా వివరించగలిగినవారు వివరించాలని కోరుతున్నాను.

తెనాలి మాస్టారు (తెనాలి)

అమ్మాయీ, ప్రశ్న బాగుంది. చట్టాల సంగతి తెలిసినవారు చెబుతారు. దుఃఖానికి గడువు ఉండడం గురించి నేనొక మాట చెబుతాను.

మన ఊళ్లలో ఇంట్లో మనిషి పోతే కర్మకాండ జరిగే రోజుల్లో అప్పుల మాట, పొలాల పంపకాల మాట ఎవరూ ఎత్తరు. ఎత్తినవాడిని అవతలికి పంపేస్తారు. అయితే పెద్దకర్మ ముగిసి బంధువులు భోజనాలు చేసి లేచాక, అదే అరుగు మీద పెద్దలు కూర్చుని ఆ మాటలన్నీ మాట్లాడతారు. ఆ రోజున కూడా మాట్లాడకపోతే, ఎవరో ఏదో దాస్తున్నారని ఊరికి అర్థమవుతుంది. మౌనానికి మర్యాద దక్కేది దానికొక గడువు ఉన్నందువల్లనే. అమెరికా నాయకులు ‘ఇప్పుడు కాదు’ అంటున్నారే గానీ, ఎప్పుడో చెప్పినట్టు నేనెక్కడా చదవలేదు. పైగా ఒక బడి మైల తీరకముందే మరో బడిలో చావులు జరుగుతున్నప్పుడు, ఆ లెక్కన మాట్లాడే రోజు ఎన్నటికీ రాదు కదా.

లక్ష్యభేది (శాన్ ఆంటోనియో సమీపం)

ఈ వేదికలో తుపాకీ ఉన్నవాడిని నేనొక్కడినే కాకపోవచ్చు గానీ, ఆ మాట పైకి చెప్పేవాడిని నేనొక్కడినే అనుకుంటాను. పౌరసత్వం వచ్చాక కొన్నాను, శిక్షణ తీసుకున్నాను, నెలకోసారి కాల్పుల సాధన చేసే రేంజికి వెళతాను. ఇంతవరకు వచ్చిన రెండు అభిప్రాయాలతోనూ నేను గౌరవంగానే విభేదిస్తున్నాను.

మాస్టారూ, న్యూటౌన్ తర్వాత ఎవరూ మౌనంగా లేరు. వారం తిరిగేసరికి, తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ నాయకుడు లాపియర్, తుపాకీ ఉన్న దుర్మార్గుడిని ఆపగలిగేది తుపాకీ ఉన్న మంచివాడేనని విలేకరుల ముందు ప్రకటించాడు. అధ్యక్షుడు ఊరూరా తిరిగాడు. సెనేట్ చర్చించింది, ఓటు వేసింది, సవరణ ఓడిపోయింది. దాన్ని మాట్లాడనివ్వకపోవడం అనలేం. మాట్లాడిన తర్వాత కూడా ఒప్పించలేకపోయారు.

ఎందుకు ఒప్పించలేకపోయారో చూడండి. న్యూటౌన్ హంతకుడు వాడిన తుపాకులు అతని తల్లి చట్టప్రకారం కొన్నవి. అతడు ముందు ఆమెను ఇంట్లోనే చంపి, వాటిని తీసుకుని బడికి వెళ్లాడు. అలాంటప్పుడు సంతల్లో జరిగే అమ్మకాలకు నేపథ్య తనిఖీ పెట్టి ఉంటే ఆ రోజు ఒక్క బిడ్డయినా బతికేదా? దుఃఖం ఒక సంఘటన గురించి, చట్టం మరో సంగతి గురించి ఉన్నప్పుడు, తుపాకీ ఉన్న సామాన్యుడికి ‘నా మీద కోపం తీర్చుకోవడానికి ఈ పిల్లల చావును వాడుకుంటున్నారు’ అన్న అనుమానం రావడం సహజం.

మా టెక్సాస్‌లోని ఉవాల్డే గురించి కూడా చెప్పాలి. 2022 మే 24న రాబ్ ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు బలయ్యారు. టెక్సాస్ శాసనసభ విచారణ నివేదిక ప్రకారం అక్కడికి వచ్చిన పోలీసు సిబ్బంది 376 మంది. హంతకుడిని ఎదుర్కోవడానికి వారికి 77 నిమిషాలు పట్టింది. లోపలి నుంచి పిల్లలు అత్యవసర నంబరుకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. బయట తల్లిదండ్రులను ఆపడానికి మాత్రం పోలీసులకు చేతులు ఆడాయి. పౌరుడిని కాపాడవలసిన రాజ్యాంగబద్ధమైన బాధ్యత పోలీసులకు లేదని సుప్రీంకోర్టు 2005లోనే ఒక కేసులో తేల్చింది. ఇవన్నీ చదివాక నా ఆయుధాన్ని ప్రభుత్వానికి అప్పగించి నిశ్చింతగా ఉండమంటే ఎలా ఉండగలను?

తూనీగ (ఎడిసన్, న్యూజెర్సీ)

లక్ష్యభేది గారూ, మీరు చెప్పిన ఆ 376 మంది దగ్గరా తుపాకులు ఉన్నాయి. మంచివాడి చేతిలో తుపాకీ ఉంటే చాలన్న సిద్ధాంతానికి ఉవాల్డే కంటే పెద్ద పరీక్ష ఏముంటుంది? ముందుగా వెళ్లిన అధికారులు తలుపు సందుల్లోంచి వచ్చిన తూటాలకు వెనక్కి తగ్గారు, ఎందుకంటే అవతలివాడి చేతిలో సైనిక ఆయుధాన్ని పోలిన ఏఆర్-15 తరహా రైఫిలు ఉంది. ఆ కుర్రవాడు 18 నిండిన కొన్ని రోజుల్లోనే అలాంటివి రెండు చట్టబద్ధంగా కొన్నాడు. డీలరు దగ్గర చేతి తుపాకీ కొనడానికి 21 ఏళ్లు ఉండాలన్న దేశంలో, దానికంటే ఎన్నో రెట్లు విధ్వంసం చేయగల రైఫిలుకు 18 చాలు. ఇక్కడ మాత్రం చట్టానికీ సంఘటనకూ సంబంధం నేరుగానే ఉంది కదా.

న్యాయపథం (హార్ట్‌ఫర్డ్, కనెక్టికట్)

కృష్ణాతీరం గారి ప్రశ్నకు నాకు తోచిన సమాధానం కొంచెం విస్తారంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా డన్‌బ్లేన్. అక్కడి తల్లిదండ్రులు, వారి స్నేహితులు మొదలుపెట్టిన ఉద్యమానికి, ఆ మార్చి నెలలో పూసే చిన్న తెల్ల పువ్వు పేరు మీద స్నోడ్రాప్ అని పేరు వచ్చింది. వారి వినతిపత్రం మీద సుమారు ఏడు లక్షల సంతకాలు పడ్డాయి. అప్పటి ప్రధాని జాన్ మేజర్ ప్రభుత్వం పెద్ద క్యాలిబర్ (అంటే పెద్ద తూటా పట్టే) చేతి తుపాకులను నిషేధించింది; 1997 ఎన్నికల్లో గెలిచిన బ్లెయిర్ ప్రభుత్వం మిగిలిన చిన్న క్యాలిబర్ వాటిని కూడా అదే ఏడాది నిషేధించింది. అంత త్వరగా జరగడానికి కారణం బ్రిటిష్ వారి దుఃఖం మనవారి దుఃఖం కంటే గాఢమైనదని కాదు. అక్కడ పార్లమెంటులో సాధారణ మెజారిటీ ఉంటే చట్టం చేయవచ్చు. దాన్ని కొట్టివేసే లిఖిత రాజ్యాంగం లేదు. తుపాకీ కలిగి ఉండడం హక్కు అన్న భావన సమాజంలో బలంగా లేదు.

ఆస్ట్రేలియా ఇంకా వేగంగా కదిలింది. 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోతే, మే 10 నాటికి, అంటే 12 రోజులకే, రాష్ట్రాలన్నీ కొత్త ఒప్పందానికి అంగీకరించాయి. ప్రభుత్వం దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి వెనక్కు తీసుకుంది. ఇది చేసినవాడు సంప్రదాయవాద ప్రధాని జాన్ హవర్డ్. ఆగ్రహంతో ఉన్న తుపాకీ యజమానుల సభకు ఆయన కోటు లోపల తూటారక్షక కవచం వేసుకుని వెళ్లిన ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది.

అమెరికాలో దుఃఖం చట్టం కావాలంటే మూడు గడపలు దాటాలి. మొదటిది సెనేట్. జనం ఎక్కువున్న కాలిఫోర్నియాకు ఇద్దరు, జనం తక్కువున్న వయోమింగ్‌కూ ఇద్దరు సెనేటర్లు ఉండే సభలో చర్చను ముగించడానికే 60 ఓట్లు కావాలి. రెండవది కోర్టు. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది. ఆ హక్కు అపరిమితం కాదని, బడుల వంటి సున్నితమైన చోట్ల నిషేధాలు చెల్లుతాయని అదే తీర్పులో చెప్పింది. ఉవాల్డే ఘోరం జరిగిన నెల రోజులకు ఏం జరిగిందో గుర్తుచేస్తాను. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు నుంచి బ్రూయెన్ తీర్పు వచ్చింది. తుపాకుల చట్టం ఏదైనా దేశ చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉంటేనే నిలుస్తుందని ఆ తీర్పు. సరిగ్గా రెండు రోజులకు, జూన్ 25న, దాదాపు మూడు దశాబ్దాల్లో మొదటి ముఖ్యమైన ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) తుపాకీ చట్టంపై బైడెన్ సంతకం చేశారు. 21 ఏళ్లలోపు వారు కొనేటప్పుడు బాల్యంలోని నేర, మానసిక చికిత్స రికార్డులు కూడా చూడాలని అందులో ఉంది. ఒకే వారంలో ఒక ద్వారం కొంచెం తెరుచుకుంది, మరొకటి బిగుసుకుంది.

మూడవది ఓటరు జ్ఞాపకం. తుపాకీ హక్కులను ప్రాణంగా చూసుకునేవాడు ప్రతి ఎన్నికలోనూ దాని మీదే ఓటు వేస్తాడు. నియంత్రణ కోరేవాడు డిసెంబరులో ఏడ్చి, నవంబరులో పన్నుల మీద ఓటు వేస్తాడు. కఠినంగా ఉంటే మన్నించండి, కానీ డబ్బు కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

అయితే దుఃఖం చట్టం కానేలేదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. మా కనెక్టికట్‌లో 2013 ఏప్రిల్‌లోనే, సెనేట్‌లో ఆ సవరణ వీగిపోయిన నెలలోనే, రెండు పార్టీలూ కలిసి కఠిన చట్టం చేశాయి. ఫ్లోరిడా మరీ విశేషం. 2018 ఫిబ్రవరి 14న పార్క్‌లాండ్ ఉన్నత పాఠశాలలో 17 మంది హతులయ్యాక, 23 రోజులకు, మార్చి 9న, రిపబ్లికన్ గవర్నరు రిక్ స్కాట్ రైఫిళ్లకు కూడా కనీస వయసు 21 చేస్తూ, ప్రమాదకరంగా ప్రవర్తించేవారి తుపాకులను కోర్టు ఉత్తర్వుతో తాత్కాలికంగా స్వాధీనం చేసుకునే వీలు కల్పిస్తూ సంతకం చేశారు. అక్కడ పిల్లలు బస్సులెక్కి తమ రాజధాని టలహాసీకి వెళ్లి శాసనసభ్యుల ఎదురుగా నిలబడ్డారు. ఏడ్చేవారికీ చట్టం చేసేవారికీ మధ్య దూరం తక్కువగా ఉన్నచోట పని జరిగిందన్నది నేను గమనించిన విషయం.

తెనాలి మాస్టారు (తెనాలి)

12 రోజులా! అంటే మన పెద్దకర్మ నాటికి తేల్చేశారన్నమాట. హవర్డ్ గారు ఏ పురోహితుణ్ణి అడిగారో.

నిర్భయం (హైదరాబాదు)

ఇంత చర్చ ఎందుకండీ? అక్కడ పిల్లలను చంపుకుంటున్నారు. డాలర్ల కోసం వెళ్లినవారు ఆ దేశం వదిలి వచ్చేస్తే సరిపోతుంది. మన దేశంలో ఈ బాధ లేదు.

వసంత (ప్రిన్స్‌టన్, న్యూజెర్సీ)

నిర్భయం గారూ, మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ అనేది అధికారి ఇచ్చే లైసెన్సు, హక్కు కాదు. ఆ తేడా వల్ల మేలు జరిగిందని నేనూ నమ్ముతాను. కానీ బిడ్డను పోగొట్టుకున్నవారిని చూసి ‘అక్కడెందుకు ఉన్నారు’ అనడం పరామర్శ కాదు. అదలా ఉంచి అసలు విషయానికి వస్తాను.

నేను పిల్లల మానసిక వైద్య విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. బహిరంగ సంతాపానికి ఇంకో ముఖం ఉంది, దాని గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు. న్యూటౌన్ చిన్న ఊరు. కాల్పుల తర్వాత దేశం నలుమూలల నుంచి ఆ ఊరికి 60,000కు పైగా టెడ్డీ బొమ్మలు, లక్షల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పెట్టడానికి చోటు లేక గోదాములు వెతుక్కున్నారు; వాటిని లెక్కించి, సర్ది, పంచడం ఆ ఊరివారికి ఒక ఉద్యోగమైంది. వీధుల్లో పేరుకున్న పూలు, బొమ్మలు, కొవ్వొత్తుల వంటివాటిని చెత్తలో వేయడానికి మనసొప్పక, వాటిని దహనం చేసి స్మారకం కోసం భద్రపరిచారు. ఆ శాశ్వత స్మారకం ప్రజలకు తెరుచుకునేసరికి 2022 నవంబరు వచ్చింది. పంపినవారందరూ మంచి మనసుతోనే పంపారు. అయినా బొమ్మ పంపడంతో తన వంతు అయిపోయిందనుకున్నవారు వారిలో ఎందరో అని నాకు అనిపిస్తుంది.

ఇది మంచివారి సంగతి. చెడ్డవారు చేసింది మరీ ఘోరం. అలెక్స్ జోన్స్ అనే ప్రసారకర్త, అసలు శాండీ హుక్‌లో పిల్లలెవరూ చనిపోలేదని, తుపాకులు లాక్కోవడానికి ప్రభుత్వం ఆడించిన నాటకమని, ఏడుస్తున్న తల్లిదండ్రులు నటులని ఏళ్ల తరబడి ప్రచారం చేశాడు. అతని శ్రోతలు ఆ తల్లిదండ్రులను వెంటాడారు, చంపుతామని బెదిరించారు. కొందరు ఇళ్లు మారవలసి వచ్చింది. 2022 అక్టోబరులో కనెక్టికట్ జ్యూరీ అతడు 96.5 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. దుఃఖం తుపాకుల చర్చలో అంత బలమైన సాక్ష్యం కాబట్టే, చట్టం వద్దనుకున్నవారిలో కొందరు ఆ సాక్ష్యమే అబద్ధమనడానికి తెగించారు.

చివరగా ఒక లెక్క. 2021లో అమెరికాలో తుపాకీ గాయాలతో 48,830 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. బడుల్లో జరిగే సామూహిక కాల్పుల్లో పోయేవారు ఈ మొత్తంలో అతి స్వల్పభాగం. ఆత్మహత్య ఆలోచనలతో మా వార్డుకు వచ్చే పదిహేనేళ్ల పిల్లల కోసం ఎవరూ కొవ్వొత్తులు వెలిగించరు. మేము మాత్రం ప్రతి కుటుంబాన్నీ ముందుగా అడిగేది ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళంలో ఉందా అనే.

తూనీగ (ఎడిసన్, న్యూజెర్సీ)

వసంత గారు చెప్పినదానికి మా తరం వైపు నుంచి కొంత చేరుస్తాను. దుండగుడు బడిలోకి చొరబడితే ఏం చేయాలో నేర్పే లాక్‌డౌన్ డ్రిల్ మాకు కిండర్‌గార్టెన్ నుంచే ఉంది. దీపాలు ఆర్పి, తలుపు గడియ వేసి, కిటికీలోంచి కనబడని మూలలో అందరం నేల మీద మాట్లాడకుండా కూర్చోవాలి. మన పెద్దవారు దీన్ని విని భయపడతారు. మాకు అది పీరియడ్ తప్పిన సంతోషంగానే ఉండేది, కొంచెం పెద్దయ్యేవరకు. ఏ గదిలోకి వెళ్లినా రెండవ తలుపు ఎక్కడుందో చూసుకునే అలవాటు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. మా స్నేహితులలో చాలామందికి ఉంది.

పార్క్‌లాండ్ విద్యార్థుల మీద ‘పిల్లలను రాజకీయాలకు వాడుకుంటున్నారు’ అన్న విమర్శ వచ్చింది. 2018 మార్చి 24న వాషింగ్టన్ సభలో వారిలో ఒకరు వేదిక మీద ఆరు నిమిషాల ఇరవై సెకన్లు నిలబడ్డారు. తమ బడిలో కాల్పులు సాగిన సమయానికి గుర్తుగా. ఆ సమయంలో చాలా భాగం మౌనమే. దుఃఖసమయంలో మౌనంగా ఉండమని నాయకులు చెబితే, ఆ మౌనాన్నే తీసుకువెళ్లి వారి ముందు పెట్టారు. పోయినవారు మా వయసువారు. మేము మాట్లాడడాన్ని వాడుకోవడం అంటే ఎలా?

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సాస్)

న్యాయపథం గారు ఫ్లోరిడా గురించి రాసిన మాటలు చదివాక, మా రాష్ట్రంలో అదే ప్రయత్నం ఎలా ముగిసిందో రాయాలనిపించింది.

ఉవాల్డే తల్లిదండ్రులు కోరింది చాలా చిన్న మార్పు: సెమీ ఆటోమేటిక్ రైఫిలు కొనడానికి వయసు 18 నుంచి 21కి పెంచాలని. 2023లో ఆ బిల్లు టెక్సాస్ ప్రతినిధుల సభకు వచ్చింది. సాక్ష్యం చెప్పడానికి వారు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో గంటల తరబడి నిరీక్షించారు. కమిటీ దాన్ని కదపకుండా ఉంచింది. మే 6వ తేదీ శనివారం, మాకు పక్క ఊరైన అలెన్‌లో అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వారిలో చిన్నపిల్లలు ఉన్నారు. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు యువతి ఒకరున్నారు. ఇక్కడి తెలుగువారిలో ఆ మాల్‌కు వెళ్లని కుటుంబం ఉండదు. సోమవారం నాడు కమిటీ ఆ బిల్లును 8-5 ఓట్లతో ఆమోదించింది. ఇద్దరు రిపబ్లికన్లు కూడా అనుకూలంగా వేశారు. ఉవాల్డే వారు అక్కడే కౌగిలించుకుని ఏడ్చారు. మరునాటికి సభ అజెండాలో చేర్చే గడువు దాటిపోయి బిల్లు చచ్చిపోయింది. మాస్టారు గడువు గురించి రాశారు. ఇక్కడ గడువు ఉన్నది బిల్లుకు మాత్రమే.

నన్ను వేధించే మరో సంగతి ఉంది. ఆ వారం మా సంఘాలన్నీ సంతాప సభలు పెట్టాయి. వచ్చినవారిలో చాలామందిమి హెచ్-1బి మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లం. మాకు ఓటు లేదు. హెచ్-1బి వారికైతే, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనే వీలు కూడా లేదు. చర్చలో ఏ పక్షాన నిలబడడానికీ చోటు లేనివారి దుఃఖాన్ని శాసనసభ ఏమని లెక్కలోకి తీసుకుంటుంది?

లక్ష్యభేది (శాన్ ఆంటోనియో సమీపం)

అమ్మా, అలెన్‌లో జరిగినది విని నేనూ ఆ రాత్రి నిద్రపోలేదు. అయినా ఒక వాస్తవం: ఆ హంతకుడికి 33 ఏళ్లు. 21 ఏళ్ల చట్టం అతడిని ఆపేది కాదు. మళ్లీ నేను మొదట చెప్పిన దగ్గరికే వచ్చాం. ఒక చోట జరిగిన ఘోరం మరొక చోటి బిల్లును ముందుకు తోసింది.

18 ఏళ్లకు సైన్యంలో చేర్చుకుని అదే తరహా ఆయుధం చేతికిచ్చే దేశం, పౌరుడిగా మాత్రం మూడేళ్లు ఆగమనడం న్యాయమా అన్న ప్రశ్న నాకు ఇంకా ఉంది. సైన్యంలో పై అధికారి, శిక్షణ, ఆయుధాగారానికి తాళం ఉంటాయని తూనీగ గారు జవాబిస్తారని తెలుసు. ఆ జవాబు బలమైనదే, తోసిపుచ్చను. తాళం విషయంలో అయితే వసంత గారితో నాకు ఏ విభేదమూ లేదు. 2021 నవంబరు 30న మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఉన్నత పాఠశాలలో నలుగురిని చంపిన పదిహేనేళ్ల కుర్రవాడి తుపాకీ, తండ్రి నాలుగు రోజుల ముందు కొన్నది. కుర్రవాడి మానసిక స్థితి గురించి బడివారు అదే ఉదయం పిలిచి చెప్పినా, తల్లిదండ్రులు ఇంటికి తీసుకువెళ్లలేదు, తుపాకీ మాట ఎత్తలేదు. 2024లో ఇద్దరికీ నరహత్య నేరం కింద పదేళ్ల నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది. బిడ్డ చేసిన సామూహిక కాల్పులకు తల్లిదండ్రులకు అలాంటి శిక్ష పడడం ఈ దేశంలో అదే మొదలు. తుపాకీ హక్కు కోరేవారిలో నాకు తెలిసిన వారెవరూ ఆ తీర్పును తప్పుపట్టలేదు.

న్యాయపథం (హార్ట్‌ఫర్డ్, కనెక్టికట్)

ఆక్స్‌ఫర్డ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, శాసనసభలో ఓడిన దుఃఖం కోర్టు దారి పట్టిన మరో ఉదాహరణ చెబుతాను. తుపాకీతో జరిగిన నేరానికి దాని తయారీదారుపై దావా వేయకుండా 2005 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది. శాండీ హుక్ మృతుల్లో తొమ్మిది మంది కుటుంబాలు ఆ గోడలో చిన్న సందు వెతికాయి. అమ్మకాలకు, ప్రచారానికి సంబంధించిన చట్టాన్ని కంపెనీ ఉల్లంఘిస్తే ఆ రక్షణ వర్తించదని అందులోనే ఉంది. కనెక్టికట్ వాణిజ్య చట్టం అన్యాయమైన ప్రచారాన్ని నిషేధిస్తుంది. కుర్రవాళ్ల మగతనానికి ముడిపెట్టి, యుద్ధం కోసం పుట్టిన ఆయుధంగా ఆ రైఫిలును ప్రచారం చేశారన్నది వారి వాదన. 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తేడాతో దావాకు అనుమతినిచ్చింది. 2022 ఫిబ్రవరిలో, ఆ రైఫిలు తయారీదారు రెమింగ్టన్ బీమా సంస్థలు 7.3 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. కంపెనీ అంతర్గత పత్రాలను బయటపెట్టే హక్కును కూడా రాజీలో వదులుకోబోమని కుటుంబాలు పట్టుబట్టి సాధించుకున్నాయి. తొమ్మిదేళ్లు పట్టింది. బిడ్డ బతికి ఉంటే హైస్కూలుకు వచ్చి ఉండే వయసు.

కృష్ణాతీరం గారూ, ఓటు లేకపోయినా టెక్సాస్ శాసనసభ కమిటీల ముందు సాక్ష్యం చెప్పడానికి పౌరసత్వం అడగరు. బడి బోర్డు సమావేశంలో మాట్లాడడానికీ అడగరు.

వసంత (ప్రిన్స్‌టన్, న్యూజెర్సీ)

బడి బోర్డు కంటే దగ్గరిది ఒకటి ఉంది. అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీసు 2019లో బడి దాడులపై చేసిన అధ్యయనంలో, తుపాకీ వాడిన పిల్లల్లో ఎక్కువమందికి అది తల్లిదండ్రుల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో దొరికిందని తేలింది. మీ పిల్లలు ఆడుకోవడానికో రాత్రి ఉండడానికో స్నేహితుల ఇంటికి వెళుతున్నప్పుడు, ‘మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా’ అని అడగండి. వేరుశెనగ ఎలర్జీ గురించి అడిగినంత మామూలుగా అడగమని మేము తల్లులకు చెబుతుంటాం. తెల్లవారిని అడగడానికి జంకుతారు, మనవారిని అడగడానికి ఇంకా జంకుతారు, వారేమనుకుంటారో అని.

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సాస్)

నిజమే, ఇంతవరకు నేను ఎవరినీ అడగలేదు. లక్ష్యభేది గారూ, మీలాంటివారి ఇంటికి ఫోన్ చేసి అడిగితే నొచ్చుకుంటారా?

లక్ష్యభేది (శాన్ ఆంటోనియో సమీపం)

నొచ్చుకునేవాడి ఇంటికి బిడ్డను పంపకండి. బాధ్యత తెలిసిన యజమాని ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. టెక్సాస్‌లో పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా వదిలేయడం నేరం, ఆ సంగతి చాలామంది యజమానులకే తెలియదు. ‘ఉందా’ అని అడిగి ఊరుకోవద్దు. ఉక్కు పెట్టెలో ఉందా, తూటాలు వేరే చోట ఉన్నాయా, తాళం ఎవరి దగ్గర ఉంది, కోడ్ పిల్లలకు తెలుసా అని అడగండి. బీరువాలో చీరల కింద ఉందని చెబితే అది తాళం వేసినట్టు కాదు. మన ఇళ్లలో ఆ బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లలందరికీ తెలుసు. కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టేవారు కూడా ఉన్నారు, దాని గురించి విడిగా అడగాలి. నన్ను అడిగినవారికి నేను పెట్టె చూపిస్తాను.